డబ్బా కొబ్బరి పాలు: ఇంట్లో నిల్వ, వాడకం

ముదురు కొబ్బరి తురుమును నీటితో పిండి తీసిన పాలను రేకు డబ్బాలో నింపి, గాలి చొరకుండా మూసి, అధిక వేడిలో సూక్ష్మజీవులు లేకుండా చేసిన ఆహార పదార్థం డబ్బా కొబ్బరి పాలు. ఇవి ఎక్కువగా 400 మి.లీ. టిన్నుల్లో అమ్ముడవుతాయి. మూత తీయనంత కాలం వీటికి ఫ్రిజ్ అక్కర్లేదు. రెండు మూడేళ్ల గడువు ఉంటుంది. మూత తీసిన తర్వాత ఇంట్లో అప్పుడే పిండిన పాలలాగే త్వరగా పాడవుతాయి. ఇంట్లో వీటి విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండు దశలకూ ఒకే పద్ధతి పాటించడం వల్ల వచ్చేవే.

గంపలగూడెం ప్రాంతంలో కొబ్బరి

డబ్బా పాలు ఇంటికి అరుదుగా వచ్చే ప్రాంతానికి ఉదాహరణ గంపలగూడెం. ఇది ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ జిల్లా తిరువూరు నియోజకవర్గంలో, తెలంగాణలోని ఖమ్మం జిల్లా సరిహద్దున ఉన్న మండలం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. పత్తి, మిర్చి, వరి, మామిడి ఇక్కడి ప్రధాన పంటలు. కొబ్బరి చెట్లు పెరళ్లలోనూ పొలం గట్ల మీదా కనిపిస్తాయి గానీ, కోనసీమలో మాదిరి తోటల పంట కాదు. రాష్ట్రంలో కొబ్బరి వ్యాపారానికి పెద్ద కేంద్రం కోనసీమలోని అంబాజీపేట.

ఈ ప్రాంతపు ఇళ్లలోకి కొబ్బరి ఎక్కువగా దేవుడి పేరుతోనే వస్తుంది. మండలంలోని నెమలి వేణుగోపాలస్వామి గుడిలో కొట్టిన కాయ చిప్పలుగా ఇంటికి చేరుతుంది. వాటితో పచ్చడి చేస్తారు, లేదా కోరి కూరలో వేస్తారు, ఎక్కువ చిప్పలుంటే పాలు తీసి పులావో పాయసమో వండుతారు. డబ్బా పాలు ఇక్కడ రోజువారీ సరుకు కాదు. పట్టణంలోని సూపర్‌మార్కెట్లలో కొన్నవో, ఆన్‌లైన్‌లో తెప్పించినవో, విదేశాల్లో ఉండే బంధువులు తెచ్చినవో ఇంట్లో ఉంటాయి. అలా వచ్చిన టిన్ను నెలల తరబడి అల్మరాలోనే ఉండిపోవడం సాధారణం. అందుకే ఇటువంటి చోట నిల్వ సంగతి వంట సంగతి కన్నా ముందు తెలియాలి. అమెరికా, గల్ఫ్ దేశాల్లోని తెలుగు ఇళ్లలో పరిస్థితి వేరు. అక్కడ మంచి ముదురు కాయ దొరకడం, దాన్ని కొట్టి కోరడం శ్రమ కాబట్టి కొబ్బరి అన్నానికీ కుర్మాకూ టిన్నే ఆధారం.

తయారీ, స్వభావం

ముదురు కొబ్బరి బరువులో మూడో వంతు కొవ్వు ఉంటుంది. తురిమి నీటితో పిండినప్పుడు ఈ కొవ్వు సన్నని బిందువులుగా నీటిలోకి దిగుతుంది. ఆ బిందువులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా కొబ్బరిలోని మాంసకృత్తులు వాటి చుట్టూ పొరలా ఉంటాయి. కొబ్బరి పాలకు తెలుపు, చిక్కదనం వచ్చేది ఇందువల్లే. అయితే ఈ పొర బలహీనమైనది. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ మాంసకృత్తులు గడ్డకట్టడం మొదలవుతుంది. పులుపు తగిలినా అదే జరుగుతుంది. వంటలో పాలు విరిగినట్టు కనిపించడానికి మూలం ఇదే.

డబ్బా తయారీలో పాలను కొద్దిగా వేడి చేసి, అధిక పీడనంతో కొవ్వు బిందువులను ఇంకా చిన్నవి చేసి, టిన్నులో నింపి మూస్తారు. ఆ తర్వాత టిన్నును ఆవిరి యంత్రంలో 121 డిగ్రీల ప్రాంతంలో ఉడికిస్తారు. మామూలుగా మరిగించడం దీనికి చాలదు. కొబ్బరి పాల పీహెచ్ 6 దరిదాపుల్లో ఉంటుంది, అంటే పులుపు చాలా తక్కువ. పీహెచ్ 4.6కు మించిన ఆహారంలో, గాలి లేని డబ్బాలో, క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బాక్టీరియా పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని తయారు చేయగలదు. దాని బీజాలు 100 డిగ్రీల మరుగుకు కూడా చావవు. మామిడికాయ ఊరగాయకు ఉప్పు, పులుపు, నూనె రక్షణగా ఉంటాయి. కొబ్బరి పాలకు అవేవీ లేవు. ఇంట్లో తీసిన కొబ్బరి పాలను సీసాలో పోసి, మరిగించి, మూత బిగించి అల్మరాలో దాచడం ఈ కారణంగానే ప్రమాదకరం. ఫ్యాక్టరీలో జరిగే పనిని వంటింటి గిన్నె చేయలేదు.

ఆహారాన్ని మూసిన పాత్రలో వేడిచేసి నిలవచేసే పద్ధతిని ఫ్రాన్సుకు చెందిన నికొలా అప్పెర్ 1810లో పుస్తకంగా వెలువరించాడు. అదే ఏడాది పీటర్ డ్యూరాండ్ ఇంగ్లండులో రేకు డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. కాగితపు అట్టపెట్టెల్లో వచ్చే పాలు మరో పద్ధతివి: పాలను 135 డిగ్రీలకు పైన కొన్ని సెకన్లు మాత్రమే వేడిచేసి, చల్లార్చి, ముందే శుద్ధి చేసిన పెట్టెలో నింపుతారు. ఉడికిన వాసన వీటిలో తక్కువ. భారతదేశంలో 200 మి.లీ. అట్టపెట్టెలు, పొడి ప్యాకెట్లు టిన్నుల కన్నా తేలిగ్గా దొరుకుతాయి. డాబర్ హోమ్‌మేడ్ కొబ్బరి పాలు, మ్యాగీ కొబ్బరి పాల పొడి అలాంటివి. టిన్నుల్లో థాయ్‌లాండ్ సరుకుదే పైచేయి.

రకాలు, లేబుల్

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2003లో కొబ్బరి పాల ఉత్పత్తులకు ప్రమాణం నిర్ణయించింది. దాని ప్రకారం కొబ్బరి పాలలో కనీసం 10 శాతం కొవ్వు ఉండాలి. లైట్ అని రాసినదానిలో 5 శాతం, కొబ్బరి క్రీమ్‌లో 20 శాతం కనీస కొవ్వు. మన వంటింటి లెక్కలో చెప్పాలంటే క్రీమ్ మొదటిసారి పిండిన చిక్కటి పాలకు దగ్గర, లైట్ రెండోసారి పిండిన పల్చటి పాలకు దగ్గర. పులావుకు మామూలు పాలు సరిపోతాయి. లైట్ పాలు కొనడం వల్ల లాభం తక్కువ. మామూలు పాలలో నీళ్లు కలిపినా అదే వస్తుంది. పానీయాల్లో వాడే తీపి కొబ్బరి క్రీమ్ వేరే సరుకు. దానిలో చక్కెర దండిగా ఉంటుంది. పొరపాటున కూరలో పోస్తే ఆ కూర ఇక పనికిరాదు.

లేబుల్ మీద కొబ్బరి సారం శాతం చూడాలి. అది ఎంత ఎక్కువైతే పాలు అంత చిక్కన. ఆ తర్వాత కొన్ని సంఖ్యలు కనిపిస్తాయి. 412 అంటే గోరుచిక్కుడు గింజల నుంచి తీసిన గ్వార్ జిగురు, 415 జాంథన్ జిగురు, 435, 466 కూడా పాలు విడిపోకుండా ఉంచేవే. 223 సోడియం మెటాబైసల్ఫైట్. రంగు మారకుండా కలుపుతారు. ఉబ్బసం ఉన్న కొందరికి ఈ సల్ఫైట్లు పడవు కాబట్టి అలాంటివారు ఇది లేని సరుకు ఎంచుకోవాలి. పొడి రూపంలోని కొబ్బరి పాలలో చాలాసార్లు సోడియం కేసినేట్ ఉంటుంది. అది పశువుల పాల నుంచి తీసినది. పాలు పడనివారు, పాల పదార్థాలు మానేసినవారు దీన్ని తప్పక గమనించాలి.

మూత తీయని టిన్ను నిల్వ

టిన్ను మీద ముద్రించిన గడువు చల్లని, పొడి చోట ఉంచినప్పుడు వర్తించే గడువు. గంపలగూడెం పరిసరాల్లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. రేకుల కప్పు ఇంట్లో పైకప్పుకు దగ్గరగా ఉండే వేడి ఇంకా ఎక్కువ. డబ్బా ఆహారాన్ని 38 డిగ్రీలకు మించిన వేడిలో ఎక్కువకాలం ఉంచకూడదన్నది సాధారణ నియమం. అంత వేడిలో రుచి, రంగు త్వరగా చెడతాయి. ఫ్యాక్టరీ వేడికి కూడా చావని కొన్ని ఉష్ణప్రియ బాక్టీరియా బీజాలు మేల్కొని డబ్బాలోనే పెరిగే అవకాశం కూడా ఉంది. మామూలు చల్లదనంలో అవి నిద్రాణంగా ఉండి ఏ హానీ చేయవు.

కాబట్టి వాడకం తక్కువని టిన్నును అటక మీదికి చేర్చడం సరికాదు. ఇంట్లో అన్నిటికన్నా వేడెక్కే చోటు అదే. పొయ్యి పైనున్న అర, ఎండ పడే కిటికీ గూడు, ఎండలో నిలిపిన కారు డిక్కీ కూడా తగవు. నేలకు దగ్గరగా ఉన్న కింది అర, ఉత్తరం వైపు గది, బియ్యం డ్రమ్ము పక్కన నీడ ఉన్న మూల మంచివి. తేమ తగిలితే రేకు తుప్పు పడుతుంది కాబట్టి నీళ్ల బిందెల దగ్గర, స్నానాల గది గోడకు ఆనించి పెట్టకూడదు. వేసవిలో ఫ్రిజ్‌లో చోటుంటే మూత తీయని టిన్నును అందులో ఉంచినా నష్టం లేదు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. లోపలి నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తే టిన్ను అతుకు విచ్చుకోవచ్చు.

చలికాలంలో టిన్ను తెరిస్తే పైన తెల్లటి గట్టి ముద్ద, చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా, కింద కొద్దిగా బూడిద రంగు ఛాయలో పల్చటి నీరు కనిపిస్తాయి. ఇది చెడిపోయిన గుర్తు కాదు. కొబ్బరి కొవ్వు 24 డిగ్రీల ప్రాంతంలో గట్టిపడుతుంది. తేలికైనది కాబట్టి పైకి చేరుతుంది. అదే టిన్నును మేలో ఊపితే లోపల పాలు కదిలే చప్పుడు వినిపిస్తుంది. గట్టిపడినదాన్ని తెరవక ముందే గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, గట్టిగా కుదిపితే మళ్లీ కలుస్తుంది. కొందరు ఈ విడిపోవడాన్నే ఉపయోగించుకుంటారు: రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టిన టిన్నును కదపకుండా తెరిచి, పైనున్న మీగడను తీసి తీపి వంటలకు, మిగిలిన నీటిని అన్నానికో పప్పుకో వాడతారు. జిగుర్లు ఎక్కువ కలిపిన రకాల్లో మీగడ ఇలా విడిపోదు.

పనికిరాని టిన్నుకు కొన్ని గుర్తులున్నాయి. పైనో కిందో ఉబ్బి ఉంటే, నొక్కితే టక్కుమని లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తే, అతుకు దగ్గర కారిన మరక ఉంటే, తుడిచినా పోని లోతైన తుప్పు ఉంటే దాన్ని వాడకూడదు. తెరవగానే పాలు పైకి చిమ్మినా అంతే. పక్కన చిన్న సొట్ట ఉంటే ఫరవాలేదు; సొట్ట అతుకు మీద పడితేనే అనుమానించాలి. ఇలాంటి పాలను రుచి చూసి నిర్ణయించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బొట్యులినం విషానికి రంగూ వాసనా ఉండకపోవచ్చు. ఆ టిన్నును సంచిలో గట్టిగా కట్టి, పిల్లలకూ పశువులకూ కుక్కలకూ అందని చోట పారేయాలి. పెంట మీద కుమ్మరించకూడదు.

గడువు తేదీ విషయంలో రెండు మాటలు వేర్వేరు అర్థంతో వాడతారు. బెస్ట్ బిఫోర్ అంటే ఆ తేదీ వరకు రుచి, నాణ్యత పూర్తిగా ఉంటాయని. ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై అంటే ఆ తేదీ దాటాక వాడకూడదని. వేసవి వేడిలో నెలల తరబడి ఉన్న టిన్ను విషయంలో తేదీ ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. కొన్నప్పుడే డబ్బా మీద కొన్న నెల మార్కర్‌తో రాసి, పాతది ముందు వాడటం మేలు.

తెరవడం, తెరిచాక

టిన్ను మూత మీద గోదాముల దుమ్ము, ఎలుకల మలినాలు చేరి ఉంటాయి. తెరవక ముందు దాన్ని సబ్బు నీళ్లతో కడిగి తుడవాలి. కత్తి మొనతో పొడిచి తెరవడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. చెయ్యి తెగడమే కాదు, రేకు తునకలు పాలలో పడతాయి. టిన్ను ఓపెనర్ లేని ఇంటికి రింగు మూత ఉన్న టిన్ను కొనడం తేలిక.

తెరిచిన తర్వాత పాలను టిన్నులోనే ఉంచకూడదు. గాలి తగిలాక లోపలి లోహం పాలలోకి దిగడం పెరుగుతుంది, పాలకు రేకు వాసన పడుతుంది. పైగా తెరిచిన టిన్నుకు సరైన మూత ఉండదు కాబట్టి ఫ్రిజ్‌లోని ఉల్లిపాయ, చేప వాసనలు కొవ్వుకు ఇట్టే పట్టుకుంటాయి. మిగిలిన పాలను వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలోకి గానీ మూత ఉన్న స్టీలు డబ్బాలోకి గానీ మార్చి, 5 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచాలి. మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. అవసరమైనంత శుభ్రమైన పొడి గరిటెతో తీసుకుని, సీసాను వెంటనే లోపల పెట్టేయాలి. ఫ్రిజ్ తలుపు అరలో చల్లదనం ఎక్కువ మారుతుంటుంది. లోపలి వెనుక భాగం మేలు.

బయట ఉంచిన పాల సంగతి వేరు. బాక్టీరియా 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేగంగా పెరుగుతుంది. తెరిచిన పాలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన రోజున ఒక్క గంటే. గంపలగూడెంలో వేసవి మధ్యాహ్నానికి ఈ రెండో లెక్కే వర్తిస్తుంది. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండా ఉంచిన ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. అంతకు మించి కరెంటు లేకపోతే తెరిచిన కొబ్బరి పాలను పారేయడమే సరైన పని. మరిగించి దాచుకుందామనుకోవడం ఆవు పాల అలవాటు. పెరిగిన బాక్టీరియా చచ్చినా, అది విడిచిన కొన్ని విషాలు మరుగుకు పోవు.

చెడిన పాలు పుల్లని వాసన వేస్తాయి, తీగ సాగుతాయి, పైన బూడిద, గులాబీ, ఆకుపచ్చ మచ్చలు కడతాయి. కొబ్బరి కొవ్వులో సగం దాకా లారిక్ ఆమ్లం ఉంటుంది. అది విడివడితే నోటికి సబ్బు రుచి తగులుతుంది. బూజు పైపైన తీసేసి కింది పాలు వాడకూడదు.

ఎక్కువ రోజులు కావాలంటే ఫ్రీజర్ ఉంది. ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టాక ఆ ముక్కలను సంచిలో వేసి, తేదీ రాసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచితే రెండు మూడు నెలలు వాడుకోవచ్చు. కరిగించాక పాలు రవ్వరవ్వగా, నీళ్లు వేరుగా కనిపిస్తాయి. కూరలో, పులావులో వేస్తే ఆ తేడా తెలియదు. పచ్చిగా తాగే వాటికీ మీగడ గిలకొట్టడానికీ పనికిరావు. ముక్కలను నేరుగా ఉడుకుతున్న కూరలో వేయొచ్చు. ఒకసారి కరిగినవాటిని తిరిగి గడ్డకట్టించకూడదు.

వంటలో వాడకం

తాజా కొబ్బరికి బదులుగా టిన్ను వాడేటప్పుడు చిక్కదనం సరిచూసుకోవడం ముఖ్యం. మామూలు 400 మి.లీ. టిన్ను, ఒక పెద్ద కొబ్బరికాయ నుంచి రెండు మార్లు పిండిన పాలన్నీ కలిపినదానికి సుమారుగా సమానం. తాజా పాలలోని తీపి వాసన డబ్బా పాలలో ఉండదు. మూత తీయగానే కొద్దిగా ఉడికిన వాసన వస్తుంది. లవంగం, యాలకులు, బిర్యానీ ఆకు వేసిన పులావులో ఆ లోటు కప్పబడిపోతుంది. పచ్చి కొబ్బరి రుచే ప్రధానమైన వంటకు మాత్రం తాజా కాయకు సాటి వచ్చేది లేదు.

కొబ్బరి పాల అన్నానికి టిన్ను బాగా కుదురుతుంది. బాపట్లలో రూపొందించిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, లాంటి సన్న బియ్యం ఒక గ్లాసుకు మొత్తం రెండు గ్లాసుల ద్రవం పడుతుంది. అందులో ఒక గ్లాసు డబ్బా పాలు, ఒక గ్లాసు నీళ్లు సరిపోతాయి. పాలు మాత్రమే పోస్తే కొవ్వు, మాంసకృత్తులు కుక్కరు అడుగున పట్టి మాడతాయి, బియ్యం మెత్తబడక ముందే ద్రవం చిక్కబడుతుంది. బియ్యాన్ని అరగంట నానబెట్టి, వేయించిన మసాలాలో కలిపాక ద్రవం పోసి, అడుగు వరకు ఒకసారి కలిపి మూత పెట్టాలి.

కూరల్లో వరుస ముఖ్యం. టమాటా, చింతపండు, మామిడికాయ ఏ పులుపైనా ముందు పూర్తిగా ఉడికి కూరలో కలవాలి. ఆ తర్వాత మంట తగ్గించి, గిన్నెలోని వేడి పులుసు రెండు గరిటెలు పాలలో కలిపి వెచ్చబరిచి, అప్పుడు ఆ పాలను కూరలో పోయాలి. పోశాక తెర్లనివ్వకూడదు. అంచుల్లో సన్నని బుడగలు కనిపిస్తే చాలు. పల్చటి పాలతో ఉడికించి చిక్కటి పాలను దింపే ముందు పోసే పాత పద్ధతి వెనుక ఉన్న కారణం ఇదే. టిన్ను వాడేవారు సగం పాలకు నీళ్లు కలిపి ముందు, మిగతా సగం చివర పోస్తే అదే ఫలితం వస్తుంది. రొయ్యల ఇగురు, కోడిగుడ్డు కూర, కూరగాయల కుర్మా ఇలా చేసినప్పుడు పులుసు విరగదు. విరిగినట్టు కనిపించినా అది తినదగినదే. రూపు మారుతుంది గానీ చెడిపోదు. చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే చాలా వరకు సర్దుకుంటుంది.

బెల్లంతో చేసే పాయసాలకు కొబ్బరి పాలు ఆవు పాల కన్నా అనువైనవి. వేడి ఆవు పాలలో బెల్లం పడితే కేసిన్ విరుగుతుంది. కొబ్బరి పాలలో కేసిన్ లేదు. బెల్లం పాకం, ఉడికిన సగ్గుబియ్యం లేదా పాలతాలికలు కలిశాక పొయ్యి ఆపి చిక్కటి పాలు పోయాలి. తిరువూరు, నూజివీడు ప్రాంతాల మామిడి కాపు వేళ, బాగా పండిన బంగినపల్లి గుజ్జును చల్లారిన కొబ్బరి పాల పాయసంలో కలిపితే మంచి జోడీ. పులుపు మిగిలిన పండు ఇందుకు పనికిరాదు.

పోషకాలు, జాగ్రత్తలు

100 గ్రాముల మామూలు డబ్బా కొబ్బరి పాలలో దాదాపు 200 కిలోకేలరీల శక్తి, 21 గ్రాముల కొవ్వు, 2 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఆ కొవ్వులో దాదాపు 19 గ్రాములు సంతృప్త కొవ్వే. రోజు శక్తిలో సంతృప్త కొవ్వు వాటా పదోవంతు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు 2,000 కిలోకేలరీలు తినే మనిషికి అది సుమారు 22 గ్రాములు. అర టిన్ను పాలు ఒక్కరే తింటే ఆ హద్దు దాటిపోతుంది. నలుగురు తినే పులావులో పడితే మనిషి వంతు హద్దులోనే ఉంటుంది. గుండె జబ్బు, అధిక కొలెస్టరాల్ ఉన్నవారు వైద్యుడి సలహా మేరకు తగ్గించుకోవాలి.

కొబ్బరి పాలు పేరుకే పాలు. ఆవు పాలలో 100 గ్రాములకు సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, వీటిలో 20 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఏడాది లోపు పిల్లలకు తల్లిపాలకు, వైద్యుడు సూచించిన పాలపొడికి బదులుగా వీటిని పట్టకూడదు. పెద్ద పిల్లలకు కూడా రోజువారీ పాల స్థానంలో ఇవి చాలవు.

ఎంపిక

గంపలగూడెం లాంటి చోట ముదురు కొబ్బరికాయ ఏ కిరాణా కొట్లోనైనా, గుడి దగ్గరైనా దొరుకుతుంది. ఇంట్లో గ్రైండర్ ఉంటే కాయ కోరి పాలు తీయడం అరగంట పని. ఆ పాలను అదే పూట వాడేయాలి. ఫ్రిజ్‌లో ఉంచినా ఒకటి రెండు రోజులే. డబ్బా లాభం ఒక్కసారే ఎక్కువ మొత్తం కావలసినప్పుడు కనిపిస్తుంది: పాతిక మందికి పులావు వండే రోజున పది కాయలు కోరే శ్రమ తప్పుతుంది, తెరిచిన టిన్నులన్నీ అప్పటికప్పుడే ఖర్చయిపోతాయి. నలుగురున్న ఇంటికి 200 మి.లీ. అట్టపెట్టె చాలు, మిగిలే సమస్య రాదు. ఫ్రిజ్ లేని ఇల్లు, కరెంటు తరచూ పోయే ఇల్లు 400 మి.లీ. టిన్ను కొనకపోవడమే మంచిది. కొన్నా, ఒకే వంటలో మొత్తం వాడేసే రోజునే దాని మూత తీయాలి.